గడియారాలత్త పండు పేస్ట్రీలు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ గడియారాలత్త. మెట్ల కింద, ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు బయటే ఆగాల్సినంత కొట్లో, ముప్ఫై ఒక్క ఏళ్లు గడియారాలు బాగుచేసింది. తండ్రి నేర్పిన పని. కుడి కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి బిగబట్టి, నువ్వుగింజలో సగం ఉండే స్క్రూని దాని చోట కూర్చోబెట్టేది. ఆ వేళ ఎవరు పలకరించినా జవాబుండేది కాదు. "అత్త లోపలికెళ్లింది" అని నవ్వుకుని, ఆవిడ తల ఎత్తేదాకా ఆగేవాళ్లు.

ఒకరోజు స్క్రూ జారింది. మర్నాడూ జారింది. మూడోనాడు, చెయ్యి వణుకుతోందని ఆవిడే ఒప్పుకోవాల్సి వచ్చింది. డాక్టరు కాగితం మీద సున్నా చుట్టమన్నాడు. ఆవిడ చుట్టిన సున్నాకి ఒళ్లంతా ముళ్లు మొలిచాయి.

"ప్రాణానికేం భయం లేదమ్మా. కానీ పూర్తిగా తగ్గేది కాదు" అన్నాడు.

నెల తిరక్కుండానే ఎవరి గడియారాలు వాళ్లకిచ్చేసి కొట్టు మూసేసింది.

కొడుకు సరుకుల లారీ మీద వారాల తరబడి ఊళ్లు తిరుగుతాడు. ఇంట్లో మిగిలింది అత్తాకోడళ్లే. కోడలు ఆస్పత్రిలో నర్సు. పొద్దున్నే వెళ్లి మూడింటికి వస్తుంది. అందాకా అత్త కిటికీ పక్కన, చేతులు ఒళ్లో దాచుకుని కూర్చునేది. మేడల మధ్య నుంచి ఎండ ఓ పలకలా గదిలోకి దిగి, నేల మీద నెమ్మదిగా జరిగి, గోడ ఎక్కి, మాయమయ్యేది. దాన్ని చూస్తూ చూస్తూ ఆవిడ మగతలోకి జారుకునేది. నిద్రా కాదు, మెలకువా కాదు. తను నీళ్లలో తేలుతున్నట్టూ, చేతులు తనవి కానట్టూ ఉండేది.

ఆస్పత్రి లక్కీ డ్రాలో కోడలికి ఎయిర్ ఫ్రైయర్ వచ్చింది. వంటింట్లో ఆ పిల్ల గొప్పంతా నీళ్లు మరగబెట్టడం దగ్గరే ఆగిపోతుంది. దాంతో అది పెట్టె విప్పకుండానే పాత పేపర్లకు పీటలా పనికొచ్చింది.

ఒక వానపూట, ఏమీ తోచక, అత్త ఆ పెట్టె విప్పింది. ఏ యంత్రాన్నయినా ముందు లోపల చూడనిదే ఆవిడకి మనసొప్పదు. బుట్ట లాగేసి, తల వంచి పైకి చూసింది. చుట్లు చుట్టిన తీగ, దాని వెనక ఫ్యాను. "ఓహో, గాలితో వేపుతావన్నమాట" అంది దానితో.

ఫ్రిజ్‌లో కోడలు ఎప్పుడో కొని మర్చిపోయిన పేస్ట్రీ షీట్లు, పొరల పిండి రేకులు, ఉన్నాయి. పళ్లబుట్టలో దెబ్బతిన్న యాపిల్స్ రెండు, మెత్తబడ్డ బేరిపండు ఒకటి ఉన్నాయి. పళ్లు తరిగి, చక్కెర కలిపి, షీట్లలో దండిగా కూరి, మడిచి లోపల పెట్టింది.

మూడింటికి కోడలు తడిసిన గొడుగుతో వచ్చింది. "అత్తయ్యా, ఏం కాల్చారు? మలుపు దాకా వాసన!"

"కాల్చలేదమ్మాయ్, పేల్చాను."

బుట్టనిండా పగిలిన పొరలు, మాడిన పాకం. ఇద్దరూ నేల మీద కూర్చుని, ఆ ముక్కల్నే గోకి గోకి తిన్నారు. నవ్వలేక కోడలికి ఎక్కిళ్లొచ్చాయి.

ఆ రాత్రి పడుకున్నాక అత్త బుర్ర ఊరుకోలేదు. పండులో నీరు ఎక్కువైంది. కూరింది ఎక్కువైంది. ఆవిరి పోవడానికి దారి లేదు. పాడైన యంత్రం దొరికినంత సంతోషంగా నిద్రపోయింది.

మర్నాడు పండు ముక్కల్ని నిమ్మరసం, దాల్చినచెక్క పొడితో, గరిటె గీసిన దారి గరిటె వెనకే మూసుకుపోనంత చిక్కగా ఉడికించి చల్లార్చింది. చిన్న సీసా మూతతో షీటుని బిళ్లలుగా కోసింది. ఒక్కో బిళ్ల మీద అర చెంచా పండు పెట్టి, అంచు తడిచేసి, సగానికి మడిచింది. ఒక్క నోటికి సరిపోయేంత, అంతే. ఫోర్కుతో అంచు నొక్కబోతే చెయ్యి వణికింది. గీతలు తిన్నగా పడక, అలలు అలలుగా పడ్డాయి. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. అలాగే అన్నీ నొక్కేసింది. సూదితో పొట్టకో చిల్లు పొడిచి, పైన పాలు పూసి, ఒకదానికొకటి తగలకుండా పేర్చింది. నూట ఎనభై డిగ్రీల్లో ఎనిమిది నిమిషాలు.

ఎయిర్ ఫ్రైయర్‌కో అద్దం తలుపుంది. అత్త స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుంది. లోపల పసుపచ్చటి దీపం వెలిగింది, ఫ్యాను దూరపు వానలా హోరుమంది. పాలిపోయిన బిళ్లలు మెల్లగా ఊపిరి పీల్చుకున్నాయి. పొర మీద పొర లేచింది. చిల్లుల్లోంచి సన్నటి ఆవిరి వచ్చింది. అంచులు లేత బంగారు రంగుకి తిరిగాయి. కిటికీ బయట వాన, లోపల పండు వాసన, ఆ రెండింటి నడుమ తనెక్కడుందో ఆవిడకి తెలియలేదు. చిన్నప్పుడెప్పుడో, ఎవరి ఒళ్లోనో పడుకుని, ఎవరో మాట్లాడుకుంటుంటే మాటలు అర్థంకాక వింటున్నట్టు హాయిగా ఉంది. వీధి తలుపు తీసిన చప్పుడు కూడా వినపడలేదు.

"ఈ అలలు ఎలా చేశారత్తయ్యా?" కోడలు భుజం మీదుగా తొంగిచూస్తోంది.

"నేను చెయ్యలేదు. చెయ్యి చేసింది."

కోడలు ఊరుకోకుండా తనూ నాలుగు మడిచింది. అంచు తిన్నగా, కొలిచి గీసినట్టుంది. వేగాక నాలుగూ నోళ్లు తెరిచాయి.

"నావే ఎందుకు విచ్చుకున్నాయి?"

"నువ్వు ఒక్కసారే నొక్కావు. నా చెయ్యి ఊరుకోదుగా, నొక్కిన చోటే నాలుగుసార్లు నొక్కుతుంది." చెయ్యి సంగతి గొంతు తగ్గించకుండా చెప్పడం ఆవిడకదే మొదటిసారి.

కోడలు పనిచేసేది చేతులు దెబ్బతిన్నవాళ్లకి మళ్లీ పని అలవాటు చేసే వార్డులో. అక్కడివాళ్లు రోజంతా రబ్బరు బంతి పిసికి విసిగిపోతారు.

"మీరొకసారి మా వార్డుకి రండి అత్తయ్యా. వాళ్లచేత ఇవి చేయిద్దాం."

"వణికే చేత్తో వాళ్లకేం నేర్పను?"

"వణకని చేతులవాళ్లంటేనే వాళ్లకి ఒళ్లుమంట!"

బుధవారం మధ్యాహ్నం ఎయిర్ ఫ్రైయర్ మోసుకుని ఇద్దరూ వెళ్లారు. పొడుగాటి బల్ల చుట్టూ అయిదుగురు. చివర్లో ఒక వడ్రంగి. రంపం కింద పడి కుట్లు వేసిన చెయ్యి. నెలరోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదట. మొదటి బిళ్ల చిరిగిపోతే ముద్ద చేసి బల్లకేసి కొట్టాడు. అత్త ఇంకో బిళ్ల అతని ముందు పెట్టింది.

"మళ్లీ మొదలెట్టు నాయనా. పిండికి కోపం రాదు."

అతను ఆవిడ ముఖం చూడలేదు, చెయ్యి చూశాడు. అది ఫోర్కు పట్టుకుని, వణుకుతూ, తన పని తను చేసుకుపోతోంది. కాసేపయ్యాక అతనూ ఫోర్కు అందుకున్నాడు.

ఆ గదికి కూడా పండు వాసన పట్టింది. అయిదుగురూ అద్దం వైపు వంగి, బడిపిల్లల్లా నోళ్లు తెరుచుకుని చూశారు. అతని పేస్ట్రీ చెవిలా వచ్చింది.

"మా మామగారి చెవి అచ్చం ఇంతే" అంది పక్కావిడ. వడ్రంగి పకపకా నవ్వాడు.

అందరూ తిన్నారు. అతను మాత్రం తనది కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వెన్న జేబుకి అంటుకుని మరక పాకుతోంది.

"వేడిగా తినెయ్యొచ్చుగా, అన్నా" అంది కోడలు.

"మా ఆవిడకండీ. ఈ చెయ్యి ఇక దేనికీ పనికిరాదని రోజూ ఏడుస్తోంది."

కుట్లున్న చేతిని జేబు మీద కప్పుకుని, జాగ్రత్తగా వరండా దాటి వెళ్లాడు. అత్త రెండో వాయికి బిళ్లలు కొయ్యడం మొదలుపెట్టింది.