జడలో స్క్రూడ్రైవర్

మా మన్యట్టా పేటలో ఎవరింట్లో హోమ్ థియేటర్ మొరాయించినా రిపేర్లు చేసే అవూర్ రావాల్సిందే. స్క్రూడ్రైవర్ జడలో గుచ్చుకుని వస్తుంది. మూత విప్పే ముందు జ్వరం చూసినట్టు డబ్బా మీద అరచెయ్యి పెడుతుంది. మా వీధిలోని ఒగోలా ఇంట్లో పాత యాంప్లిఫయర్ తీయించి, రెట్టింపు మోత వచ్చేదాన్ని పెట్టించింది ఆవిడే. ఆదివారం చుట్టాలంతా చేపలు తింటూ పాటలు వింటుంటే అరగంటకే అది మూగబోయింది. అవూర్‌కి కబురెళ్ళింది.

"నీ మాట నమ్మి పాతది అమ్మేశాను. ఇంతమందిలో పరువు తీశావు," అన్నాడు ఒగోలా. "ఇంక ఈ వీధిలో నిన్నెవరు పిలుస్తారు?"

అవూర్ డబ్బా మీద అరచెయ్యి పెట్టింది. డబ్బా వేడికి కాలిపోతోంది. పైన ఒగోలా భార్య అల్లిన తెల్ల లేసుగుడ్డ గాలి కన్నాలన్నీ కప్పేసి ఉంది. మా ఇళ్ళలో కుర్చీకీ రేడియోకీ ఆ గుడ్డ లేకపోతే ఇల్లాలికి నామోషీ. సంగతి అర్థమై ఒగోలా భార్య మొహం పాలిపోయింది.

"ఇంత మంచి అల్లిక అందరికీ ఎదురుగా ఉండాలి గానీ, డబ్బా నెత్తినెందుకు వదినా?" అంటూ అవూర్ గుడ్డ తీసి బల్ల అంచున వేలాడేసింది. డబ్బా చల్లారాక మీట నొక్కింది. గోడలు అదిరాయి.

"మా అవూర్ పెట్టింది మరి!" అని ఒగోలా ఛాతీ విరిచాడు.

స్క్రూడ్రైవర్ ఇంకా జడలోనే ఉంది.