దడి అవతలి కబుర్లు

కొబ్బరికాయ చెవి దగ్గర ఊపి చూస్తే లోపల నీళ్ళెన్నున్నాయో చెప్పగల తాతాజీకి, పెళ్ళాం మనసులో ఏముందో మాత్రం పెరటి దడి దగ్గర నక్కి వింటే గాని తెలిసేది కాదు.

మామిడికుదురులో ఆయనది కొబ్బరి వర్తకం. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాదికి నలభై దాటాయి. పని మీద అమలాపురం వెళ్ళినప్పుడల్లా భార్య కనకదుర్గ కోసం వారపత్రిక పట్టుకొచ్చేవాడు. సీరియల్ని వారం వారం ముక్కలుగా చదవడం ఆవిడకి గిట్టదు. పేజీలు కోసి దాచేది. ఆఖరి వారం వచ్చాక దబ్బనంతో పొడిచి, పురికొసతో కుట్టి, పుస్తకం చేసుకుని ఏకబిగిన చదివేది. చదవడం అయిందో లేదో దడి దగ్గరికి పరుగు. అవతల పక్కింటి సరోజిని చేటలో బియ్యంతో సహా సిద్ధం.

"ఆ రాసినాయన వంటింట్లో ఎప్పుడూ అడుగు పెట్టినట్టు లేదు వదినా! ఇంటినిండా చుట్టాలుంటే ఆ పిల్ల కిటికీ దగ్గర కూర్చుని చంద్రుణ్ణి చూస్తుందట. పొయ్యి ఎవరు చూస్తారండీ?"

ఇద్దరూ పగలబడి నవ్వేవారు. ఇవతల కొబ్బరి రాశి వెనక తాతాజీకి ఒళ్ళు మండిపోయేది. డబ్బులిచ్చి, ఏరు దాటి పత్రిక మోసుకొచ్చేది తనా, ముచ్చట్లు ఆవిడకా! తనకి దక్కేది "అన్నం పెట్టేను, లేవండి" అన్న మాటొక్కటే. పరాయి మగవాడి మీద అసూయైతే పోట్లాడొచ్చు. పక్కింటి ఇల్లాలి మీద అసూయ అని ఎవరితో చెప్పుకుంటాడు?

ఆ ఏడు ఒక సీరియల్ నడిచింది. మొగుడు ఇల్లొదిలి పోతాడు, పెళ్ళాం ఎదురు చూస్తుంటుంది. ఆఖరి భాగం వచ్చిన రోజున తాతాజీకి పాడుబుద్ధి పుట్టింది. పడవలోనే అది చదివేశాడు. మొగుడు తిరిగొస్తాడు, ఆవిడ కాళ్ళ మీద పడి ఏడుస్తుంది, అంతా సుఖం. ఆ కాగితాలు చింపి కొట్టులో గోనెసంచుల కింద దోపి, మిగతా పత్రిక ఇంట్లో ఇచ్చాడు.

"ఆఖరి కాగితాలు పడవలో గాలికి పోయేయే. ఏం జరిగిందో నేను చదివేన్లే" అన్నాడు నవ్వు దాచుకుంటూ.

"అలాగాండీ" అని కనకదుర్గ లోపలికి వెళ్ళిపోయింది.

ఇంక తన దగ్గరికే రావాలి. బాగా బతిమాలించుకుని చెప్పాలి. అప్పుడు ఆవిడ తనతోనే వాదిస్తుంది. ఆ ఊహకే ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఆవిడ మర్నాడు అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు. ఉన్నంతవరకు కుట్టేసింది, చదివేసింది. పొద్దెక్కాక దడి దగ్గర గొంతు వినిపించింది.

"ఆఖరు లేకపోతేనేం వదినా, నేను చెప్తాను వినండి. అతను తిరిగొస్తాడు. ఆవిడ కాళ్ళకి నీళ్ళిస్తుంది, అన్నం పెడుతుంది. కబుర్లు మాత్రం చెప్పదు."

"అయ్యో, అదేమిటండీ?"

"ఉన్నన్నాళ్ళూ నీకేమనిపించిందని ఒక్కసారి అడిగేడా? అడగనివాడికి ఏం చెప్తుందండీ?"

సరోజిని ఈసారి నవ్వలేదు. తాతాజీకి సిగ్గేసింది. సిగ్గు కన్నా ముందు, ఆ మాట కూడా సరోజినికే చెప్పిందే అన్న దుగ్ధ ముంచుకొచ్చింది. విసురుగా కొట్టులోకి వెళ్ళి కాగితాలు తీసుకుని, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇవిగో. గాలికి పోలేదు. నేనే దాచేను."

కనకదుర్గ కాగితాలు అందుకుంది. ఎందుకు దాచేరని అడగలేదు, కోప్పడలేదు. ఆయన మొహంలోకి చూస్తూ ఇంకేదో అంటాడన్నట్టు ఆగింది. తాతాజీకీ తెలుసు, అడగవలసింది "నీకేమనిపించింది" అన్న మాటొక్కటేనని. నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ అనని మాట, నోరు తిరగలేదు.

"అన్నం పెట్టు" అన్నాడు.

ఆవిడ అన్నం పెట్టింది. పప్పు వేసింది, మజ్జిగ పోసింది. చెయ్యి కడుక్కుని, కాగితాలు తీసుకుని పెరట్లోకి నడిచింది.

"వదినా! ఆఖరు దొరికిందండీ!"