తాళం కప్పకి పాడిన కేరల్స్

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఒకే దారిలో రెండుసార్లు నడవాల్సి వస్తే ఒళ్లు మండిపోతుంది. ఉప్పు తెమ్మని అమ్మ కొట్టుకి పంపిస్తుంది. తీరా తెచ్చాక పంచదార కూడా అయిపోయిందంటుంది. రెండూ ఒకేసారి చెప్పొచ్చు కదా అని నేను కయ్‌మంటే, "నడిస్తే అరిగిపోతావేటే?" అనేది. అరిగిపోననుకోండి. కానీ వృథా అన్నది నాకు పంటి కింద రాయి. నాతవరం వెళ్లే షేర్ ఆటో ఇంకొక్క మనిషి కోసం మా ఊరి ఆబిద్ సెంటర్ చుట్టూ మళ్లీ మళ్లీ తిరుగుతుంటే, లోపల ఇరుక్కుని కూర్చున్న నేను డ్రైవరుకి దారులు చెప్పేదాన్ని. పాపం, ఆయన నన్ను దింపేయలేదు, అదే గొప్ప.

ఇలాంటి పిల్లకి కంప్యూటర్ కనబడితే ఏమవుతుంది? అదే అయింది. తొంభైల చివర్లో, నేను ఇంటర్ చదివే రోజుల్లో, మా ఊళ్లో బట్టల కొట్టు మేడ మీద ఒక కంప్యూటర్ సెంటరు పెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. నేను చెప్పిన లెక్క అది చేసి చూపించిన మొదటి సాయంత్రం నాకు అన్నం సయించలేదు. ఆకలి లేక కాదు, ఆనందంతో. దీని లోపల ఏం జరుగుతోంది, ఇది ఎందుకు మర్చిపోదు, ఎందుకు విసుక్కోదు అని సెంటర్లో సారుని అడిగి అడిగి ఆయన్ని మాత్రం బాగా విసిగించాను.

చిక్కల్లా మా నాన్నతోనే. నాన్న మిషన్ స్కూల్లో టీచరు. ఆయన తల్లి టీచరు, ఆవిడ తండ్రి టీచరు. మూడు తరాల నుంచి మా ఇంట్లో సుద్దముక్క తప్ప వేరే ఆస్తి లేదు. నాలుగో తరానికి కూడా అదే ఖాయమని నాన్న నేను పుట్టినప్పుడే అనేసుకున్నారు. పేపర్లో వారానికోసారి వచ్చే కెరీర్ పేజీని నేను కత్తిరించి దాచుకునేదాన్ని. ఆయన అదే పేజీని ఎర్ర పెన్నుతో దిద్దేవారు. 'కంప్యూటర్ రంగంలో అపారమైన అవకాశాలు' అని ఉంటే, 'అపారమైన' కింద గీత గీసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టేవారు.

"డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకుంటాను నాన్నా" అని ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను.

"ఆ పెట్టె వల్ల మనలాటోళ్లకి ఏటి ఉపయోగం? సెప్పు ముందు" అన్నారు.

దానికి డిసెంబరు వచ్చాక జవాబు దొరికింది.

మా చర్చి సంఘం వాళ్లం క్రిస్మస్ ముందు ఒక రాత్రి ఇంటింటికీ వెళ్లి కేరల్స్ పాడతాం. డోలక్, కంజిర, వెదురు పుల్లలతో కట్టిన పెద్ద కాగితం నక్షత్రం, దిండు కట్టుకుని పొట్ట పెంచిన క్రిస్మస్ తాత, వెనకాల అందరం. చింతపల్లి కొండల వైపు నుంచి దిగే చలికి శాలువాలు, మంకీ టోపీలు. ఇరవై పైచిలుకు ఇళ్లు. చీకటి పడుతూనే బయలుదేరితే కోళ్లు కూసేవేళకి తిరిగొచ్చేవాళ్లం. ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లన్నది నాన్న తలకాయలో ఉండేది. కేరల్స్ పెద్ద ఆయనే మరి.

ఆ దారి తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండేది. పెదబొడ్డేపల్లి వెళ్తాం, అక్కడ రెండిళ్లు చూసుకుని మూడోది వదిలేసి బలిఘట్టం వైపు వస్తాం, మళ్లీ ఆ మూడో ఇంటికోసం పెదబొడ్డేపల్లి పోతాం. ఒక సందు పక్క నుంచే వెళ్తూ, ఆ సందులోంచి తిన్నగా పోకుండా చుట్టూ తిరిగి అవతలికి చేరతాం. ఇదేమిటంటే "అదలాగే" అనేవారు నాన్న.

"ఈ రౌండు కంప్యూటర్‌తో వేసి చూపిస్తాను. సగం నడక మిగుల్తుంది" అన్నాను.

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. క్లాసులో ఎవడికో మూడిందనడానికి అది గుర్తు. "సరే. నా రౌండు కన్నా నీ పెట్టె బేగి తిప్పిందనుకో, కంప్యూటర్సే సదువు. నేదనుకో, నోరు మూసుకుని టీచర్ ట్రైనింగ్ పరీక్ష రాయి. మళ్లీ మాటాడకూడదు."

"సరే" అన్నాను. పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనుషులు ఇంట్లో ఇద్దరుంటే అమ్మ మాత్రం ఏం చేస్తుంది? "ముందు తిండి తినండి" అంది.

సైకిలేసుకుని ఊరంతా తిరిగాను. గళ్ల కాగితం మీద వీధులు గీసి, ఒక్కో ఇంటికీ ఒక్కో చుక్క పెట్టాను. ఆ చుక్కలన్నీ సెంటర్లో కంప్యూటర్‌కి ఎక్కించి, అన్ని రకాల వరసలూ వేసి చూసి అన్నిటికన్నా పొట్టి దారి చెప్పమన్నాను. అది ఆలోచించడం మొదలుపెట్టింది. నేను కాలేజీకి పోయి వచ్చాను, ఇంకా ఆలోచిస్తూనే ఉంది. సారు చూసి పగలబడి నవ్వారు. "ఇన్ని ఇళ్లకి అన్ని వరసలూ అంటే ఎన్నవుతాయో తెల్సా? మీ దేవుడు మళ్లీ వస్తాడంటారే, ఆ రెండో రాకడ దాకా ఇది ఇలాగే కూచుంటాది" అన్నారు. ఇరవై పైచిలుకు చుక్కలు అంత పెద్ద యంత్రాన్ని కట్టి పడేశాయంటే నాకు ఏడుపు రావాలి. రాలేదు సరికదా, ఒళ్లు పులకరించింది. ఇంత చిన్న ప్రశ్నకి అంత పెద్ద జవాబా! ఆ సాయంత్రమే నేను దీన్ని వదలనని నాకు తెలిసిపోయింది. ఇక పందెం ఓడిపోతే బతకలేననిపించింది.

తర్వాత సారే ఉపాయం చెప్పారు. ఉన్నచోటు నుంచి అన్నిటికన్నా దగ్గరున్న ఇంటికి పో, అక్కణ్నుంచి మళ్లీ దగ్గరున్నదానికి పో. అన్నిటికన్నా పొట్టి దారే వస్తుందన్న నమ్మకం లేదు గానీ, మీ నాన్నగారిని గెలవడానికి సరిపోతుంది అన్నారు. ప్రింటరు కీచుమంటూ అచ్చుకొట్టిన పొడుగాటి కాగితాన్ని, అంచుల చిల్లులు కూడా చింపకుండా, ఇంటికి తెచ్చాను.

కేరల్స్ రోజు సాయంత్రం ఆరింటికి చర్చిలో ప్రార్థన చేసి బయలుదేరాం. కాగితం నా చేతిలో. నాన్న ఒక్క మాట అడ్డు చెప్పకుండా డోలక్ పక్కన నడిచారు. మొదటిల్లు బాగానే ఉంది. రెండోది రోలుగుంట వైపు పల్లెల్లో డ్యూటీ చేసే నర్సమ్మ గారిది. తాళం. ఆవిడ బస్సు ఇంకా రాలేదు. అయినా వచ్చిన పని మానలేం కదా, తాళం కప్ప ముందు నిలబడి ఒక చరణం పాడాం. క్రిస్మస్ తాత దానికి చెయ్యి కూడా ఊపాడు. తర్వాత ఇంకో తాళం. తలుపు తీసిన ఇళ్లలోనూ పాలు పొయ్యెక్కలేదు. "ఇంత బేగి వొచ్చీసినారేటండీ! గులాబి పువ్వులు ఇంకా వొండుతున్నాం" అని ఒకావిడ గరిటెతోనే బయటికి వచ్చింది. ఏటా మా అందరికీ కోడికూరతో భోజనం పెట్టే ఇంటికి నా లెక్క ప్రకారం అయిదో ఇల్లుగా వెళ్లాం. కోడి ఇంకా బుట్ట కిందే ఉంది. మా పాట మొత్తం అది కూడా విన్నది. చివరిది సంఘంలో అందరికన్నా పెద్దావిడ ఇల్లు. ఏటా మొదట వెళ్లే ఇల్లది. ఆవిడ అప్పటికే నిద్రపోయింది. డోలక్ చప్పుడుకి లేచి, "తెల్లారిపోనాదా బాబూ?" అని అడిగింది.

తొమ్మిది కాకుండానే చర్చి ముందుకి వచ్చేశాం.

ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. టీ లేదు, తిండి లేదు, గొంతులింకా వేడెక్కనే లేదు. డోలక్ వాయించేవాడు "అయిపోనాదా?" అన్నాడు. క్రిస్మస్ తాత దూది గడ్డం ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. చిన్నపిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. నాన్న గడియారం చూసుకుని, అందరూ వినేలా, "గెలిసినావమ్మా" అన్నారు. ఆయన మాట మాటే.

గెలిచిన నేను చర్చి అరుగు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. కంప్యూటర్లు చదవొచ్చు. కానీ ఊరి క్రిస్మస్‌ని పాడుచేసి సంపాదించిన చదువు ఎవరికి కావాలి?

అప్పుడే నర్సమ్మ గారు బస్సు దిగి, భుజాన సంచీతో అటుగా వచ్చారు. నక్షత్రం పట్టుకుని దిగాలుగా నిలబడిన మమ్మల్నందర్నీ చూసి ఆగిపోయారు.

"వందనాలండీ! నాకోసం ఇక్కడే ఆగిపోనారా?" అన్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "బస్సు లేటయిపోనాది, ఈయేడు మీ పాట తప్పిపోనట్టే అనుకున్నాను. పదండి, పదండి, ఇంటికి పోదాం."

నిజం చెప్పే ధైర్యం మాలో ఒక్కరికీ లేకపోయింది. మా పాస్టరు అయ్యగారు కూడా ఆకాశంలోకి చూశారు. క్రిస్మస్ తాత గబగబా గడ్డం తగిలించుకున్నాడు. డోలక్ దానంతటదే మోగినట్టు మోగింది. ఆవిడ తాళం తీసి లోపల దీపం వెయ్యగానే మేం పాడిన పాట ఆ సాయంత్రం పాడినవాటన్నిటిలోకీ బాగా కుదిరింది. అక్కడ టీ తాగి, ఇక ఆగబుద్ధి కాక, తిరిగిన ఇళ్లన్నీ మళ్లీ మొదటినుంచి తిరిగాం. ఈసారి కాగితం నా సంచీలో ఉంది. ముందు నడిచింది నాన్న. దారులన్నీ నేను మళ్లీ రెండోసారి నడుస్తున్నాను, ఒళ్లు మాత్రం మండలేదు.

నడుస్తూ నడుస్తూ నాన్న ఒక్కో వంపూ ఎందుకో చెప్పుకుంటూ వచ్చారు. పెద్దావిడ బేగి పడుకుంటారు కాబట్టి మొదట ఆవిడ. కోడికూర ఉడకాలి కాబట్టి ఆ ఇల్లు బాగా వెనక్కి. పెదబొడ్డేపల్లిలో పక్కపక్కనే ఉండే అన్నదమ్ములకి మాటల్లేవు. ఒకరి గుమ్మంలోంచి తిన్నగా ఇంకొకరి గుమ్మంలోకి పోతే రెండో ఆయన మొహం మాడుతుంది. మధ్యలో వేరే ఇళ్లు చూసుకుని రావాలి, పై ఏడాది ఇద్దర్నీ తారుమారు చెయ్యాలి. నేను నోరు తెరుచుకుని విన్నాను. పిచ్చి దారి అనుకున్నదాంట్లో మలుపుకో మనిషి ఉన్నాడు.

అంతలో మేం, నా కాగితం వరసలో తగలని ఆ సందు దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే చుట్టూ తిరగబోయాం.

"మరి ఈ సందెందుకు మానెయ్యడం?" అన్నాను.

"అందులో కుక్క ఉంది కదే. డోలక్ ఇంటే మీద పడిపోద్ది."

"నాన్నా, ఆ కుక్క చచ్చిపోయి ఏళ్లయింది. నేను హైస్కూల్లో చేరకముందే."

నాన్న ఆగిపోయారు. సందులోకి తొంగి చూశారు. తర్వాత కళ్లజోడు తీసి మరీ నవ్వారు, నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండానే వెనకాలవాళ్లూ నవ్వారు. తర్వాత్తర్వాత ఉద్యోగంలో, ఎవరో ఎప్పుడో రాసిపెట్టి ఎవరూ తీసెయ్యడానికి సాహసించని ప్రోగ్రాం లైన్లు కనబడినప్పుడల్లా నేను ఆ కుక్కనే తలుచుకున్నాను. తీసేసేముందు అది బతికే ఉందేమో కనుక్కోవడం కూడా అక్కడే నేర్చుకున్నాను.

ఆ రాత్రి మేం సందులోంచి తిన్నగా నడిచాం. అది దాటాక నాన్న, చదువు గురించి తండ్రి అడిగే గొంతుతో కాకుండా, సెంటర్లో సారుని నేను అడిగే గొంతుతో అడిగారు.

"పెద్దావిడ బేగి పడుకుంటాదని ఆ పెట్టెకి నువ్వు సెప్పేవా?"

"లేదు నాన్నా."

"బస్సు ఎప్పుడొస్తాదో?"

"లేదు."

"అన్నదమ్ముల సంగతి?"

"నాకే తెలీదు కదా."

"సెబితే ఇంటాదా?"

"వింటుంది. ఒక్కటి కూడా మర్చిపోదు. ఎన్నిసార్లు చెప్పినా విసుక్కోదు. కానీ మనం చెప్పనిది దానంతటది గ్రహించదు. అన్నీ విడమర్చి చెప్పాలి."

డోలక్ ముందుకి వెళ్లిపోయింది. మేమిద్దరం వెనకబడ్డాం. నాన్న శాలువా సర్దుకున్నారు.

"మొద్దే. గాని సెప్పింది సెప్పినట్టు ఇంటాది, మర్సిపోదు, ఇసుక్కోదు. అలాటి పిల్లోడు నా సర్వీసులో నాకు ఒక్కడూ దొరకనేదు" అన్నారు. "నీకు దొరికీసినాడు. ఎల్లి, ఆడికి పాఠం ఎలా సెప్పాలో నేర్సుకో."