కొత్త పెట్టని వాక్కాయలు

మా అమ్మది సముద్రపు ఒడ్డు ఊరు. ఏదీ నిలవని ఇసుకలో కూడా వాక్కాయ పొద నిలుస్తుంది. ఆ ముళ్లకు మేకలు కూడా జంకుతాయి కాబట్టి తోటలకు అదే కంచె. పచ్చికాయ కోస్తే పాలు కారి వేళ్లు అంటుకుపోతాయి. అందుకే చేతులకు నూనె రాసుకుని, గింజలు తీసి పప్పులో వేస్తారు, పులిహోర కలుపుతారు, ఊరగాయ పెడతారు. మా ఊళ్లో కంచె మీది కాయ ఎవరిదని ఎవరూ అడగరు, దారిన పోయేవాళ్లదే.

ఉద్యోగం కోసం నేను అరకులోయలో అద్దెకుంటున్నాను. పోయిన వానాకాలం అమ్మను తెచ్చుకుంటే, వచ్చీ రాగానే జ్వరం పట్టింది. జ్వరమైతే తగ్గింది గానీ నోరు చచ్చిపోయింది. జావ పట్టబోతే మొహం తిప్పేసేది. "ఇంక సాల్లేవే, నాకేటీ వద్దు" అనేది. ఆ మాట జావ గురించి మాత్రమే కాదని తెలిసి నాకు భయం వేసేది.

ఒక రోజు మాత్రం కిటికీలోంచి పక్కింటి కంచె చూసి, "వాక్కాయ పప్పయితే రెండు ముద్దలు తింటానేమో" అంది.

గిన్నె పట్టుకుని పరుగెత్తాను. పక్కింటావిడ కొండ మీద చోళ్లు, అదే రాగులు, పండిస్తుంది, మా అమ్మ ఈడుది. సంగతి చెప్పగానే తల అడ్డంగా ఊపింది.

"ఇంకా కొత్త పెట్టలేదమ్మా."

వాళ్లింట కొత్తగా కాసింది ఏదైనా పండగనాడు అమ్మవారికి పెట్టందే నోట పెట్టరు. కంచె కాయకి కూడా ఇంత పట్టింపా అని నాకు ఒళ్లు మండింది. సంతంతా వెతికాను. ఎక్కడా దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మా గుమ్మంలో నిలబడి ఉంది. కొంగు నిండా వాక్కాయలు.

"పొద కాడ కోడిగుడ్డెట్టి అమ్మోరికి సెప్పుకున్నాను. ముసిలామె తిండి మానేసింది, ఆమె కోసం ముందే కోత్తన్నానని. బేగి వొండమ్మా."

ఆవిడ అక్కడే కూర్చుంది. వండి పెట్టాను. అమ్మ తింది. "ఇంకాస్త ఎయ్యి" అంది. ఆ మాటకి నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

అమ్మ ఒక ముద్ద కలిపి ఆవిడకి పెట్టబోయింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మేం తినకూడదమ్మా. మాకు పండగయ్యాకే."

అమ్మ ఆ ముద్దని తిరిగి కంచంలో పెట్టేసింది. ఆవిడ వంక తిరిగి అడిగింది.

"పండగెప్పుడు?"

"రోజింకా పెట్టలేదు. పెద్దోలు కూకోవాల."

"అయితే ఆ రోజు నీకు నేనే వొండి పెడతాను. ఈ గుంటకి గింజలు తియ్యడం కూడా సేతకాదు" అంది, నలభై దాటిన నన్ను చూపించి. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆ జావ కూడా ఇలా తేవే. పండగ దాకా ఉండాలి గదా."