వడ్లగింజంత తేడా

తుంగభద్ర నీళ్లు దోసిట్లో పట్టుకుని చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా కథలు ఎరిగినవాళ్లు అప్పుడే నవ్వకండి.

నేను ముందుగానే రిటైరయ్యాను. అంతకుముందు వనపర్తిలోని ఒక ప్రైవేటు దవాఖానలో సీనియర్ థియేటర్ టెక్నీషియన్‌ను. ఒక ఏడు దసరా మరునాడు వెన్నెముక ఆపరేషన్‌లో కొత్త యంత్రం దగ్గర నాకు డ్యూటీ పడింది. ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారు. డాక్టర్ ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుంటే, ముందుగా తీసిన స్కాన్‌లోని ఎముకల బొమ్మ రోగి వీపు మీదనే పరిచినట్టు కనబడుతుంది. మెరిసే గుండ్లున్న చిన్న క్లాంపును ఎముకకు బిగిస్తాం. స్టాండు మీది రెండు కళ్ల కెమెరా ఆ గుండ్లను చూస్తూ, బొమ్మను ఎముకతో కలిపి ఉంచుతుంది.

రోగి నగేశ్‌ది కోడేరు. పట్నంలో సెంట్రింగ్ పని చేస్తూ పడ్డాడు. నడుము దగ్గర ఎముక విరిగింది. కాళ్లలో మిగిలింది ఎడమ బొటనవేలి కదలిక ఒక్కటే. స్క్రూ దారి తప్పితే అదీ పోతుంది. అతని భార్య మణెమ్మ థియేటర్ తలుపు దగ్గర నన్ను ఆపింది.

"సారూ, ఆ ఏలు కదిలినంత కాలం నాకు ఆశ ఉంటది. జర సూడుండ్రి."

సర్జన్ గద్వాల మనిషి, నాకంటే చిన్నవాడు. డ్రిల్లు పెట్టే ముందు విధిగా ఒక పరీక్ష ఉంటుంది. తెరిచిన ఎముక కొనను పాయింటర్ అనే మొనదేలిన కడ్డీతో తాకితే, అద్దాల్లోనూ అక్కడే తాకినట్టు కనబడాలి. డ్రిల్లు కుడిచేతిలో ఉంచుకునే ఆయన ఎడమచేత్తో తాకాడు. అద్దాల్లో పాయింటర్ మొన వడ్లగింజంత పక్కన, గాలిలో నిలబడింది. స్క్రూ దారి పక్కనే నరాలుంటాయి. అక్కడ వడ్లగింజ చిన్నదేమీ కాదు. ఆయన చేయి మాత్రం రాయిలా ఉంది, కొంచెమైనా వణకలేదు.

క్లాంపు బిగువుగానే ఉంది. యంత్రం కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరు బొమ్మను మళ్లీ కలిపాడు. మళ్లీ అదే తేడా. మత్తు డాక్టర్ గడియారం వైపు చూశాడు. సర్జన్ డ్రిల్లును ట్రేలో పెట్టేసి, "ఎక్స్‌రే మిషన్ ఇటు తెండి, పాత పద్ధతిల చేద్దాం. గీలోపల దీనికేమైందో సూడుండ్రి" అన్నాడు.

ఇంజనీరు కెమెరా మీద టార్చి వేశాడు. ఎడమ కంటి గాజు మీద ఎండిన గంధం పొర.

"ఇదెవరు పెట్టారు?"

అందరూ థియేటర్ సామాన్లు చూసుకునే సిస్టర్ సువార్తమ్మ వైపు చూశారు.

"నా దిక్కు సూస్తరేంది? నా మొఖానికే బొట్టు పెట్టుకోను, మిషన్‌కు పెడ్తనా?"

మాస్కు వెనక నుంచి సర్జన్ గొంతు మెల్లగా వచ్చింది. "నేనే పెట్టిన. నిన్న ఆయుధపూజల. కండ్ల నడిమిట్లనే పెట్టిన."

"తడి గంధం గద సార్, కారింది. గుడ్డిదాన్ని చేసి దండం పెట్టిండ్రు" అంది సువార్తమ్మ.

పూజ తర్వాత థియేటరంతా కడిగించాం. గాజు కళ్లను తడిగుడ్డతో ముట్టొద్దని కంపెనీ చెప్పినందుకు వాటిని మాత్రం వదిలేశాం. ఇప్పుడు ఇంజనీరే తుడిచి, బొమ్మను మళ్లీ కలిపాడు. పాయింటర్ ఎముక మీద కూర్చుంది. అయినా ప్రతి స్క్రూనూ ఎక్స్‌రేలో సరిచూశాకే బిగించారు.

మత్తు దిగాక మణెమ్మ దుప్పటి ఎత్తింది. వేలు కదిలింది. "ఇగ నిన్ను నడిపియ్యనీకె నేనున్న, నువ్వు సప్పుడు జేయక పండు" అంది మొగుడితో.

ఈ రంగంలో పరిశోధన అద్దాల బరువు తగ్గించడం మీద, క్లాంపు లేకుండానే బొమ్మను కలపడం మీద సాగుతోందని ఇంజనీరు చెప్పేవాడు. బొమ్మ తప్పినప్పుడు ఆ మాట అద్దాలే చెప్పేలా చేయాలనీ చూస్తున్నారట. అది వచ్చినా సరే, ముందు ఎముకను తాకి చూడాలి. ఆ రోజు నేను నేర్చుకున్నది అదే.

ఇక దోసిట్లో నీళ్లు వదిలేస్తున్నాను. గంధం నిజం, వేలు నిజం. సర్జన్ చేయి వణకలేదన్నది నేను అల్లింది. వణికింది. అందుకే డ్రిల్లు ట్రేలో పెట్టాడు.