వెనక బంపర్ బిగించిన రోజు

ఆదివారం ఉదయం ఏడుంబావుకు జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు ఎక్కాను. నా వెంట గోనెపట్టా చుట్టిన రెండు స్టీలు బంపర్లు ఉన్నాయి. ఒక్కోటి దాదాపు నా ఎత్తు. వాటిని చివరి సీటు వెనక నిలబెట్టి తాడుతో కట్టాను. కండక్టర్ వచ్చి వాటిని చేత్తో తట్టింది.

"గివేంది సారు?"

"కారు బంపర్లమ్మా."

"కారున్నోనివి బస్సుల పోతున్నవా?" అని నవ్వి, సామానుకు వేరే టికెట్ కొట్టింది.

కారు నాది కాదు, తమ్ముడు సుధాకర్‌ది. మస్కట్‌లో పదిహేనేళ్లు పనిచేసి వచ్చాక కోరుట్లలో ఇల్లు కట్టుకున్నాడు. ఆ తర్వాత ఒక పాత విలాయతీ స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే సీట్లు, బట్ట టాపు. వయసులో మా ఇద్దరికన్నా పెద్దది. రెండేళ్ల కిందట సిరిసిల్ల అవతల తంగళ్ళపల్లి దగ్గర దానికి ప్రమాదం జరిగింది. వెనక నుంచి లారీ గుద్దిందని, ఆ ఊపుకు కారు ముందున్న సైకిల్ మీదికి పోయిందని తమ్ముడు చెప్పాడు. సైకిల్ మీద ఉన్న నర్సయ్య అనే మరమగ్గాల కార్మికుడు అక్కడే చనిపోయాడు. కారు కల్వర్టు గోడకు కొట్టుకుని తమ్ముడి తొడ ఎముక విరిగింది. లారీ దొరకలేదు.

నర్సయ్య భార్య లలితకు ఆ సంగతి చెప్పింది నేనే. దినాల రోజు వెళ్లి, తప్పు లారీదని ఆమె ఎదుట కూర్చుని వివరించాను. "పిల్లలకు సదువు జెప్పే సారువు, నువ్వు జెప్తే నమ్మకుంటే ఎట్ల?" అంది. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను.

ఇప్పుడు ఆ కారు కొంటానని హైదరాబాదు నుంచి ఒకాయన ముందుకొచ్చాడు. బంపర్లు లేకుండా తీసుకోనన్నాడు. అసలు కంపెనీవి ఎక్కడా దొరకవు. వెతగ్గా వెతగ్గా అదే కొలతకు కొత్తవి చేసేవాళ్లు కనిపిస్తే తెప్పించాం. కారు సిరిసిల్లలో గౌస్ భాయి అనే మెకానిక్ షెడ్డులో ఉంది, అక్కడ వాటిని బిగించడానికే ఈ ప్రయాణం.

ఎనిమిదింటికి కోరుట్లలో దిగాను. పాత బోల్టులూ వాషర్లూ ఉన్న సంచి పట్టుకుని తమ్ముడు చేతికర్ర మీద బస్టాండుకే వచ్చాడు.

"నువ్వెందుకు పోవుడు అన్నా? పార్సిల్ ఏస్తే గౌస్ భాయే బిగిస్తుండె."

"ఇంత ఖరీదు పెట్టినం. కండ్ల ముంగట బిగిస్తే మంచిది."

సంచి నా చేతికిచ్చాడు. చాయ్ తాగుదామంటే వద్దన్నాడు. నేను ఒక్కణ్ణే తాగాను.

ఎనిమిది నలభైకి వేములవాడ బస్సు దొరికింది. కథలాపూర్, రుద్రంగి మీదుగా దాదాపు గంటన్నర. సీట్లన్నీ రాజన్న దర్శనానికి పోయేవాళ్లతో నిండిపోయాయి. పక్కన కూర్చున్న ముసలాయన దారిపొడవునా ఎండిపోయిన మక్కచేన్లు చూపిస్తూ, "వాన పడాల్సినప్పుడు పడలే, కోతలకు పడ్డది" అని రెండుసార్లు అన్నాడు. వేములవాడలో ఇడ్లీ తిని బస్సు మారి, పదకొండుకు పది నిమిషాలుండగా సిరిసిల్లలో దిగాను. ఆదివారమైనా కొన్ని షెడ్లలో మగ్గాలు ఆడుతున్నాయి. గౌస్ భాయి పనిచేసే షెడ్డు వాటి వెనక వీధిలోనే. మాట్లాడాలంటే ఆ చప్పుడు మీద గొంతు పెంచాలి.

గౌస్ భాయికి అరవై దాటాయి. నలభై ఏళ్లుగా కార్ల సొట్టలు తీస్తున్నాడు. నిరుడు ఠాణా నుంచి విడిపించిన కారును అతని దగ్గర పెట్టాం. ముందు భాగం సరిచేశాడు. వెనక భాగం జోలికి ఎవరూ పోలేదు.

ముందు బంపర్‌తో మొదలుపెట్టాం. బోల్టులు చేత్తో వదులుగా తిప్పి, రెండు వైపులా సందు సమానమయ్యాకే బిగించాలన్నాడు. ఎడమ వైపు సమానం కాలేదు. కల్వర్టు దెబ్బకు లోపలి ఇనుప బద్ద వంగి, ఎంత సరిచేసినా రెండు వేళ్ల తేడా ఉండిపోయింది. బంపర్ రంధ్రాలూ కలవలేదు. గుండ్రటి ఆకురాయితో వాటిని పెద్దవి చేసి, వాషర్లు ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో రబ్బరు ముక్క వేసి బిగించేసరికి ఒంటిగంటయింది. నా చేతులు నూనెతో నల్లబడ్డాయి. నిజం చెప్పాలంటే, సంతోషంగానే ఉంది.

వెనక బంపర్ పది నిమిషాల్లో కూర్చుంది. ఆకురాయి అవసరం పడలేదు. వాషర్ కూడా. నాలుగు బోల్టులూ వాటి రంధ్రాల్లోకి నేరుగా దిగాయి.

గౌస్ భాయి పానా కింద పెట్టాడు. కారు కిందికి దూరి చాలాసేపు టార్చి వేసి చూశాడు.

"సార్, లారీ ఎనకకెల్లి గుద్దిందన్నరు గదా?"

"అవును."

"ఎక్కడ గుద్దింది?"

నన్నూ కిందికి పిలిచి చూపించాడు. డిక్కీ రేకు మీద ఒక్క ముడత లేదు. బ్రాకెట్లు సూటిగా ఉన్నాయి. కంపెనీ వేసిన రంగు కూడా చెక్కుచెదరలేదు. తర్వాత షెడ్డు మూల నుంచి పాత వెనక బంపర్ లాక్కొచ్చాడు. ప్రమాదం రోజు అది వేలాడుతుండటం నేను చూశాను. చూసే లారీ మాట నమ్మాను.

"గుద్దితే లోపల్కి పోవాలె. ఇది బైటికి అచ్చింది, సూడున్రి. గోడకాంచి కారు తీసేటప్పుడు దీనికి గొలుసేసి గుంజిన్రు. ఎనక ఏదీ తాకలే సార్. కసమ్."

"మరి ఇన్నాళ్లు చెప్పలేదేం?"

"ముందట పని జెయ్యమన్నరు, జేసిన. ఎనకది నన్నెవలడిగిన్రు?"

నేను కారు పక్కనే నేల మీద కూర్చున్నాను. గౌస్ భాయి నీళ్లు తెచ్చి ఇచ్చాడు. బంపర్లు విప్పాలా అని అడిగాడు. అక్కర్లేదన్నాను. కారును గానీ, ఆ పాత బంపర్‌ను గానీ ఎవరు అడిగినా ఇవ్వవద్దని చెప్పి బయటికి వచ్చాను.  రెండున్నరకు ఆటో ఎక్కి మానేరు వంతెన దాటాను.

తంగళ్ళపల్లిలో లలిత ఇంటి ముందు రేకుల నీడన కూర్చుని కండెలు చుడుతోంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. మంచినీళ్లు ఇచ్చింది. నేను అడగకముందే లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది.

"మంచిగచ్చినవ్ సారు. గిది ఎవలికి సూపియ్యాల్నో తెలుస్తలేదు."

కవరులో కాగితాలు. ఒక్కో కాగితం మీద ఒక్కో చేతిరాతలో లారీ నంబర్లు. పెట్రోలు బంకులో అడిగి ఒకటి, రైసుమిల్లులో అడిగి ఇంకొకటి. ఒక కిరాణా దుకాణం కెమెరాలోంచి తీయించిన మసక ఫోటో కూడా ఉంది. అందులో లారీ వెనక భాగం తప్ప ఏమీ కనిపించదు. ఆ లారీ కోసం పని మానుకుని ఆమె వెల్గటూర్ దాకా పోయి వచ్చిందట.

"లలితమ్మా, లారీ లేదు," అన్నాను.  "నా తమ్ముడే గుద్దిండు. నాకు గియ్యాల్నే తెల్సింది."

ఆమె కాగితాలను కవరులో పెట్టబోయింది. ఒకటి జారి కింద పడింది. తీయలేదు.

"లారే లేదా సారు?"

"లేదు."

 తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎల్లారెడ్డిపేటల ఒక డ్రైవరుండె," అంది. "నంబర్ కలుస్తున్నదని మిల్లుకాడ గాయన్ని పట్టుకున్న. నా మొగన్ని సంపినవని అంగి చింపిన. నలుగురు జమై కొట్టిన్రు. బిడ్డ మీద ఒట్టేసుకుంట ఏడ్సిండు సారు. ఒట్టు గూడ అబద్ధమే ఏస్తున్నడనుకున్న."

 రేపు సోమవారం ఠాణాకు వచ్చి సాక్ష్యం చెబుతానన్నాను. పాత బంపర్ కూడా చూపిస్తానన్నాను. కేసు మళ్లీ తెరుస్తారో లేదో నాకు తెలియదని కూడా చెప్పాను.

"ఠాణాకు పోదాం. గనీ ముందుగాల ఎల్లారెడ్డిపేటకు పోదాం. గాయనకు జెప్పాలె," అంది.

నాలుగున్నరకు సిరిసిల్లలో బస్సెక్కి, వేములవాడలో మారి, ఏడింటికి కోరుట్లలో దిగాను. ఫోన్లో అడిగే మాట కాదు. తమ్ముడు వరండాలో ఒక్కడే కూర్చున్నాడు. నా ముఖం చూడగానే అర్థమైనట్టుంది.

"ఫోన్ మోగింది అన్నా. తలకాయ దించిన. లేపి సూసేటాల్లకు అయిపోయింది."

"లారీ అని ఎందుకు చెప్పినవ్?"

"దవాఖానల నువ్వే అడిగినవ్. ఎనక బంపర్ ఊడింది, లారీ ఏమన్న గుద్దిందా అని. అవునన్న."

అది నిజమే. ఆ మాట నేనే అందించాను.

"ఆమె ఏమన్నది?" అని అడిగాడు.

ఎల్లారెడ్డిపేట డ్రైవర్ సంగతి చెప్పాను. తమ్ముడు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. రేపు తొమ్మిదికల్లా సిరిసిల్ల బస్టాండులో ఉంటాననీ, వస్తే రమ్మనీ చెప్పి లేచాను. 

ఏడున్నర జగిత్యాల బస్సు సగం ఖాళీగా ఉంది. ఇదే దారిన సిరిసిల్ల వెళ్లాలనుకునేవారికి బస్సులకు కొదవ లేదు. రోడ్డు కూడా బాగుంది. తెల్లవారి బయలుదేరితే సాయంత్రానికి పని ముగించుకుని రావచ్చు. ఒక్కరోజు ప్రయాణం. ఆ ఒక్కరోజు రెండేళ్ల కిందటే పెట్టుకుని, వంగి కారు వెనక చూసి ఉంటే సరిపోయేది. పిల్లలకు రోజూ లెక్క సరిచూసుకోమని చెప్పేవాణ్ని, నేను చూడలేదు. చూడటానికి భయపడ్డానేమోనని బస్సులో కూర్చున్నంతసేపూ అనిపించింది. ఆ డ్రైవర్ పేరేమిటో లలితను అడగడం మరిచిపోయాను. పొద్దున అతని ఎదుట నిలబడితే మొదటి మాట ఏమనాలో, జగిత్యాలలో దిగేదాకా ఆలోచించినా తోచలేదు.