తుప్పు పట్టిన ఇసుక

నా చిన్నప్పుడు మేము బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండేవాళ్ళం. మా నాన్న షెడ్డులో ఫిట్టరు. పెద్దయ్యాక నేను అయస్కాంత పదార్థాల మీద, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలుచగా పరిచే పొరల మీద పరిశోధన చేసి రిటైరయ్యాను. మొదటి అయస్కాంతం నా చేతికిచ్చింది మా సైన్స్ మాస్టారని సభల్లో గొప్పగా చెప్పుకుంటాను. ఆ తర్వాత జరిగింది మాత్రం చెప్పను.

ఆ ఏడు నెల్లూరులో సైన్స్ ప్రదర్శన. మాస్టారు పాత రేడియో స్పీకర్ల అయస్కాంతాలు, పింగాణీ పూత పూసిన ఇనుప పళ్ళేలు ఆరుగురికి పంచి, సముద్రపు ఇసుకలోని నల్లరేణువులు ఏరి తెమ్మన్నారు. ఎక్కువ తెచ్చినవాళ్ళే నెల్లూరు వెళ్ళేది. మాలో ఒక పిల్ల సముద్రం ఒడ్డు పాలెం నుంచి బస్సులో వచ్చేది. వాళ్ళది చేపల వేట మీద బతికే ఇల్లు. నాకు మంచి స్నేహితురాలు, నెల్లూరు ఎప్పుడూ చూడలేదు. వారం రోజులు అలల దగ్గర కూర్చుని ఇసుక కడిగి, అయస్కాంతం తిప్పి పళ్ళెం నిండా తెచ్చింది. క్లాసులో ఫస్టు వచ్చేదాన్ని నేనుండగా ఇంకెవరో వెళ్ళడమేమిటని నాకు పొగరు. ఒక్క ఆదివారం సముద్రానికి వెళ్ళి రెండు గుప్పెళ్ళు తెచ్చి, మిగతాది షెడ్డులో లేతు మిషను కింద రాలిన ఇనుప రజనుతో నింపాను.

మాస్టారు నా పళ్ళెంలోంచి చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపారు. అన్ని పళ్ళేల్లోనూ ఉప్పునీళ్ళు చల్లి, "సముద్రం ఇసకకి ఉప్పునీళ్ళు కొత్త కాదు గదా. రేప్పొద్దున చూద్దాం" అని కిటికీ దగ్గర పెట్టించారు.

ఉప్పునీళ్ళు ఇనుమును ఏం చేస్తాయో ఫిట్టరు కూతురికి ఒకరు చెప్పాలా? అప్పుడే ఒప్పుకుంటే పోయేది. బడి వదిలాక అందరూ వెళ్ళేదాకా ఆగి, సంచిలో మిగిలిన రజను పాలెం పిల్ల పళ్ళెంలో కలిపాను. ఒక్కదాన్నే దొరికితే దొంగను, ఇద్దరమైతే ఏదో పొరపాటు అనుకుంటారని నా లెక్క. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నేను నా పాపంలోంచి పిడికెడు తీసి, ఏ పాపమూ ఎరగని దాని నెత్తిన పోశాను.

తెల్లారేసరికి నాలుగు పళ్ళేలు నల్లగానే ఉన్నాయి, మా రెండూ ఎర్రబడ్డాయి. పిల్లలు చుట్టూ మూగారు. నేను "నాకేం తెలుసు" అని మొండికేశాను. ఆమెకు అది చేతకాలేదు. "నేనేం కలపలా. మా సముద్రం ఇసకే" అని రెండుసార్లు చెప్పింది. ఎవరో కిసుక్కుమన్నారు. సంచి తీసుకుని ఏడుస్తూ ఇంటికి వెళ్ళిపోయింది.

మాస్టారు వచ్చి చూశారు. "పింగాణీ పెచ్చు లేచి ఈ రెండు పళ్ళేలూ తుప్పు పట్టినాయి. చూసుకోకుండా ఇచ్చినాను, తప్పు నాది" అని క్లాసుకు చెప్పి, వాటిని కడిగి తెమ్మని నాకిచ్చారు. పంపు దగ్గర కడిగి చూస్తే పింగాణీ ఎక్కడా పెచ్చు లేవలేదు. రెండూ తెల్లగా ఉన్నాయి. వెనక్కి తిరిగితే మాస్టారు నిలబడి ఉన్నారు. కోప్పడలేదు.

"ఎల్లుండే నెల్లూరు. పాలేనికి నువ్వు పోతావా, నన్ను పొమ్మంటావా?"

"మీరే పోండి సార్" అన్నాను.

ఆయన సైకిలు మీద వెళ్ళి, తప్పు తన పళ్ళేలదేనని వాళ్ళ నాన్నకు కూడా చెప్పారట. "నవ్వినోళ్ళ మధ్యకి నేను రాను సార్" అందట ఆమె. ఆమె బదులు మాస్టారు ఇంకెవరినీ పంపలేదు, ఆ ఏడు మా బడి నుంచి నెల్లూరుకు ఎవరూ వెళ్ళలేదు. వారం తర్వాత ఆమె బడికి వచ్చి, ఏమీ ఎరగక ఎప్పట్లాగే నా పక్కన కూర్చుంది. దానికంటే నాలుగు దెబ్బలు తిన్నా బాగుండేది.

చాలా ఏళ్ళ తర్వాత నా దగ్గర పరిశోధన చేసే అమ్మాయి, అయస్కాంతత్వం ఉండకూడని పొరలో అది కనిపించిందని సంబరంగా వచ్చింది. స్టీలు పట్టకారు వదిలేసి ప్లాస్టిక్ దానితో మళ్ళీ చేయమన్నాను. అయస్కాంతత్వం మాయమైంది. అదంతా పట్టకారు నుంచి అంటిన ఇనుప నలుసు. ముందు మన చేతుల్నే అనుమానించాలన్న మాట నా పేరు మీద ల్యాబులో ఇప్పటికీ చెలామణీలో ఉంది. నిజాయితీ అంటే మేడమ్‌దే అంటారు. నేను సిగ్గుతో తల వంచుకుంటే దాన్ని వినయం అనుకుంటారు.

మాస్టారు పోయి చాలాకాలమైంది. ఆమె ఆ పాలెంలోనే మనవళ్ళతో ఉందని కావలిలో ఉండే మా తమ్ముడు చెప్పాడు. నేనిప్పుడు నెల్లూరులోనే ఉంటున్నాను. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. నా బదులు వెళ్ళడానికి మాస్టారు లేరు. నేనింకా వెళ్ళలేదు.